లోవమ్మ వాంగ్మూలం

"ఇంట్లో నీకు పనేముంది ప్రభా, పది లైన్లు రాసి పెట్టు" అన్నాడు రవికాంత్, నేను ఇడ్లీ రేకులు తోముతుంటే. శుక్రవారం అతనికి సెలవు. నాకు సెలవనే మాట బహ్రెయిన్ వచ్చిన ఈ నాలుగేళ్లలో ఎవరి నోటా వినలేదు. అప్పటికే టిఫిను పెట్టి, వారానికి సరిపడా అతని చొక్కాలు ఇస్త్రీ చేసి, మధ్యాహ్నం భోజనానికి వచ్చే అతని స్నేహితుల కోసం పప్పు నానబెట్టి ఉన్నాను. వీటిలో ఏదీ పని కాదు కాబట్టి చేతులు తుడుచుకుని, ఏం రాయాలని అడిగాను.

అతని కఫీల్ (అతని వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ యజమాని) చెల్లెలి ఇల్లు బుసైతీన్‌లో ఉంది. ఆ ఇంట్లో పనిచేసే లోవమ్మ అనే తుని వైపు మనిషి నాలుగు రోజుల క్రితం పారిపోయింది. పట్టుకుని తెచ్చారు. రేపు ఎంబసీ వాళ్లు అడిగితే చూపించడానికి ఇంగ్లీషులో ఒక కాగితం కావాలి: తనను బాగా చూసుకుంటున్నారని, ఇష్టపూర్వకంగానే తిరిగి పనిలో చేరుతున్నానని. కింద ఆమె వేలిముద్ర. "ఆవిడకు తెలుగు తప్ప రాదు. నీకు చెప్పి రాయిస్తానని మాటిచ్చాను" అన్నాడు. లోవమ్మను మా ఫ్లాటులో దింపి, చేపల కోసం జిదాఫ్స్ మార్కెట్టుకు వెళ్లాడు. వెళ్తూ బయట తాళం వేశాడు. "నీ గురించి కాదులే, ఆవిడ గురించి" అన్నాడు.

పెళ్లికి ముందు విశాఖలో నేను ఎం.ఫిల్. చేస్తుండేదాన్ని. అమెరికాలో బానిసలుగా బతికి బయటపడినవాళ్లు రాసుకున్న ఆత్మకథల మీద. మూడు అధ్యాయాలయ్యాక పెళ్లయింది. "బానిసత్వం ఎప్పుడో పోయిందిగా, ఇంకా దాని మీద రాసేదేముంది?" అని నవ్వాడు రవికాంత్. "కాగితాలకు ఎలకలొస్తున్నాయమ్మా" అని అత్తగారు వాటిని పాత పేపర్లతో కలిపి అమ్మేశారు. అయినా రాసింది గుర్తుంది. ఆ యజమానులు ఎప్పుడూ ఒకే మాట చెప్పేవారు: మా దగ్గర వాళ్లు సుఖంగానే ఉన్నారు, కావాలంటే వాళ్లనే అడగండి. అడిగితే వాళ్లు తలూపేవారు, యజమాని పక్కనే ఉంటాడు గనక. తప్పించుకున్న మనిషి 'నేను' అని మొదలుపెట్టి, ఏ ఊళ్లో, ఏ ఇంట్లో, ఎవరు తనను ఏం చేశారో పేర్లతో సహా రాసినప్పుడు ఆ అబద్ధం కూలడం మొదలైంది. అంత రాసినా ఆ పుస్తకాల ముందు ఎవరో తెల్ల పెద్దమనిషి 'ఈమె నిజమే చెబుతోంది' అని జతచేసిన ఉత్తరం ఉండేది. ఆ ఉత్తరాల మీద ఎంత కోపంగా రాశానో! ఇప్పుడు నాచేత రాయించబోయేది అంతకన్నా నీచమైనది.

లోవమ్మ నేల మీదే కూర్చుంది. కుర్చీలో కూర్చోమంటే భయపడింది. కాఫీ ఇస్తే రెండు చేతులతో పట్టుకుని గబగబా తాగేసింది. "ఏం జరిగిందో నాకు చెప్పు లోవమ్మా" అన్నాను.

"శాంతి అని పిలుత్తారండి నన్ను. నా ముందున్న పిల్ల పేరంట. నా పేరు ఆళ్లకి నోరు తిరగదంట. రెండేళ్లయిందండి, లోవమ్మా అని ఎవరైనా పిలిసి. ఇయ్యేల బాబుగారు పిలిత్తే ఎవరినో అనుకున్నాను."

తరవాత ఆగకుండా చెప్పింది. బట్టలుతికే మిషను గదిలో పడుకుంటుంది. బయట గెడ వేస్తారు. వాళ్లు తిన్నాక మిగిలితే తిండి. చొక్కా కాలిందని అదే ఇస్త్రీపెట్టె ముంజేతికి ఆనించింది ఇంటావిడ. చెయ్యి చాపి చూపించింది. నా ఇస్త్రీ బల్ల ఇంకా గదిలోనే ఉంది. నేను అటు చూడలేకపోయాను.

"నేను పారిపోయినప్పుడు తలుపు తీసిన పనిపిల్ల పేరు మాత్రం రాయకండమ్మగారూ. దాన్ని సంపేత్తారు." గొంతు తగ్గించి, "ఆ ఇంటి పెద్దాయన..." అంది. గ్లాసు కింద పెట్టింది. "అది కూడా రాయకండి. మాయాయనకి తెలిత్తే గుమ్మం ఎక్కనివ్వడు."

నా మూడో అధ్యాయమంతా దాని మీదే. తప్పించుకున్నవాళ్లు దారి చూపినవాళ్ల పేర్లు ఎందుకు దాచారు, ఆడవాళ్లు కథ చెబుతూ చెబుతూ ఒకచోట ఎందుకు ఆగిపోయారు అని అరవై పేజీలు. లోవమ్మ రెండు మాటల్లో చెప్పింది.

నేను ఇంగ్లీషులో రాశాను. అమానుషమని, ఘోరమని, మానవత్వానికి మచ్చ అని, నాకొచ్చిన పెద్ద మాటలన్నీ. "ఏం రాసారో సెప్పండి" అంది. తెలుగులో చెప్పాను. తల అడ్డంగా ఊపింది. "ఎవరో పాపం అనిపిత్తందండి. అది నేను కాదు. నేను సెప్పింది రాయండి."

చింపేసి మళ్లీ మొదలుపెట్టాను. నా పేరు లోవమ్మ. నన్ను శాంతి అని పిలుస్తారు. ఒక్కో వాక్యం చదివి వినిపించాను. ఈసారి ఆమె ప్రతిదానికీ "ఆఁ" అంది.

రవికాంత్ వచ్చాడు. కాగితం చదివాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "మన పాస్‌పోర్టులు ఎవరి బీరువాలో ఉన్నాయో తెలుసా నీకు? నీ యూనివర్సిటీ కాదిది. నన్ను రోడ్డున పడేస్తావా ప్రభా?" అన్నాడు. కళ్లలో నిజంగానే నీళ్లు. నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. తనే కూర్చుని ఐదు లైన్లు రాసి, స్టాంపు ప్యాడు తెరిచి, లోవమ్మ బొటనవేలు పట్టుకున్నాడు. "వద్దు బాబుగారూ" అందామె. నా వైపు చూసింది. కాగితం మీద వేలు పడింది.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి. అడ్డుపడలేదు. వంటింట్లోంచి తడిగుడ్డ తెచ్చి ఆమె వేలికి అంటిన సిరా తుడిచాను. మరక పడుతుందని ప్యాడుకు మూత పెట్టాను. నాలుగేళ్లుగా ఈ ఇంట్లో చేస్తున్నదే చేశాను.

అతను ఆమెను కారెక్కించుకుని వెళ్లాడు. చేపలు సింకులో ఉన్నాయి. వాటినలాగే వదిలేసి చెత్తబుట్ట ముందు చతికిలపడ్డాను. ముక్కలు అతికించవచ్చు. కానీ ఆమె వేలిముద్ర ఇప్పుడు ఆ అబద్ధం కింద ఉంది. ఆమె తరఫున నేను ఎంత నిజం రాసినా, ఇదుగో ఆమే ఒప్పుకుందని చూపిస్తారు. ఇక మిగిలింది నేను చూసింది నేను చెప్పడమే. కొత్త కాగితం తీసుకుని నేను అని మొదలుపెట్టాను. నేను, సూర్యప్రభను. ఈ రోజు మా ఇంట్లో, నా కళ్ల ముందు, నా భర్త ఆమె వేలు పట్టుకుని ముద్ర వేయించాడు. ఆ సిరా తుడిచింది నేనే.

ఆదివారం రవికాంత్ డ్యూటీకి వెళ్లగానే టాక్సీలో అద్లియాలోని మన ఎంబసీకి వెళ్లాను. కౌంటర్లో ఉన్న మలయాళీ ఆవిడ కాగితమంతా చదివి, హిందీలో మెల్లగా అడిగింది. "మీరొచ్చినట్టు మీ ఆయనకు తెలుసా? మీ వీసా ఆయన మీదే ఉంటుంది కదా. కావాలంటే ఇప్పుడే వెనక్కి తీసుకోండి, నేనేమీ చూడలేదనుకుంటాను."

"బుసైతీన్‌లో ఆ ఇల్లెక్కడో చెబుతాను, రాసుకోండి" అన్నాను. ఆవిడ రాసుకుంది. తరవాత ఒక ఫారం నా ముందుకు జరిపింది. పేరు. భర్త పేరు. ఎవరిపై ఫిర్యాదు. మూడో గీత మీద మొదట ఆ బుసైతీన్ ఇంటావిడ పేరు రాశాను. పెన్ను పెట్టేయబోయి ఆగాను.

ఆమె పేరు పక్కన, రెండో గీత మీద రాసిన పేరే మళ్లీ రాశాను.