నరదిష్టి తగలని పేరు

మా ఆయన మీద నా ఫిర్యాదు చిన్నదే. ఆయన ఏదీ ఒక్కసారి అడగడు. పొయ్యి మీద నీళ్లు పెట్టకముందే "చాయ్ అయిందా" అని మొదలుపెడతాడు. గ్లాసు చేతికొచ్చే దాకా ఆపడు. ఆ అలవాటు రుచి ఇంటర్నెట్‌కు కూడా చూపించాడు.

స్టేషన్ ఘన్‌పూర్‌లో మాది విత్తనాల దుకాణం, ‘బావ బామ్మర్ది సీడ్స్’. బావ మా ఆయన యుగేందర్. బామ్మర్ది పెద్దవంగరలో ఉండే మా తమ్ముడు నగేశ్. వెబ్‌సైట్ పెడదామని చూస్తే, బావబామ్మర్ది డాట్ కామ్ పేరు ఎవరో అప్పటికే కొనేసుకున్నారు.

"ఇంకెవలు? నీ తమ్ముడే" అన్నాడు ఈయన. ఫోన్ చేసి వాణ్ని దొంగ అని కూడా అనేశాడు.

ఆదివారం వాడి గృహప్రవేశం. పాలు పొంగించాల్సిన ఆడపడుచును నేను. "మనం పోయేది లేదు" అని తేల్చేశాడు.

డొమైన్ ఎవరిదో చూపించే సైట్‌లో ఈయన పొద్దంతా ఆ పేరే కొట్టాడు. ఒక ‘ఎం’తో, రెండు ‘ఎం’లతో, గిరాకీ ఉన్నా, లేకున్నా. ఎన్నిసార్లు కొట్టినా యజమాని పేరు దగ్గర ‘గోప్యం’ అనే వచ్చింది. సాయంత్రానికి సైట్ విసిగిపోయి, మిమ్మల్ని బ్లాక్ చేశాం పొమ్మంది.

"చూసినవా, నీ తమ్ముడు నన్ను బ్లాక్ చేసిండు."

నా ఫోన్ లాక్కున్నాడు. అందులోనూ బ్లాకే. మా అత్తమ్మ సరోజన ఫోన్ అందుకున్నాడు. అదీ అంతే.

"నన్నెందుకు బ్లాక్ చేస్తడు నాయినా? మొన్ననే ‘అత్తమ్మా, పెందలాడ రా’ అన్నడు గదా" అంది అత్తమ్మ, బాధగా.

నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు నవ్వుకుని వచ్చాను.

"ముగ్గురివీ ఒక్క వైఫై మీదనే ఉన్నయి. ఆ సైట్‌కు మనమంతా ఒక్క మనిషే. గిన్నిసార్లు తలుపు కొడితే ఎవలైనా గడియ పెట్టుకుంటరు. రేపటిదాక దాని జోలికి పోకు."

మర్నాడు సైట్ గడియ తీసింది. ఒక్కసారే అడిగాను. మళ్లీ అడిగే పని లేకుండా ఆ పేజీని ఫొటో తీసిపెట్టుకున్నాను. పేరు గోప్యమే కానీ, కొన్న తారీఖు గోప్యం కాదు. అది నాకు బాగా గుర్తున్న తారీఖు.

"చిల్పూర్ గుట్ట మీద మన శ్రేయకు పుట్టెంటికలు తీసిన దినం, బిడ్డను నాకిచ్చి ఫోన్ల ఏం జేసినవయ్యా?"

ఆయన చేతిలో చాయ్ గ్లాసు సగంలో ఆగింది.

"దుకాణం పెడదామనుకున్న కొత్తల... పేరు ఎవలన్న కొనుక్కపోతరని..."

"కొన్నోళ్ల పేరు దాచాల్నా అని అప్పుడు ఆ సైట్ అడిగితే?"

"నరదిష్టి తగులుతదని దాచమన్న."

"మంచిగనే దాచినవు కొడుకా. నీకే కానొస్తలేవు" అంది అత్తమ్మ.

పాత మెయిల్ తెరిస్తే రసీదు అక్కడే ఉంది. ఏండ్లకేండ్లకు సరిపడా పైసలు ఒకేసారి కట్టి మరిచిపోయాడు. తమ్ముడికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"ఏంది బావా, ఇంకా నేనే దొంగనా?"

"జర ఆగు. ఆదివారం పొద్దుగాల్నే వస్తున్నం."

"వస్తరు లే. గా ముచ్చట చెప్పు ముందుగాల."

ఈయన గొంతు సవరించుకుని నావైపు చూశాడు.

"చెప్పుడు అయిందా?" అన్నాను. కాస్త ఆగి, "అయిందా?" అన్నాను.

"తప్పు నాదే బామ్మర్ది."