కాలిన నేల మీద సున్నపు గీత

ముప్ఫై ఎనిమిదో సమాధికి సున్నం పూసి, కుంచె విదిలించి, తాతబ్బాయి మళ్లీ అటే చూశాడు. ప్రహరీ వారన వచ్చేవాళ్లెవరూ లేని మట్టిదిబ్బలు. అన్నీ ఒకేలా, నల్లగా, బూడిద కప్పుకుని. వాటి మధ్య ఎక్కడో సత్యవేణి ఉంది. ఎక్కడో!

రేపు ఈస్టర్. తెల్లవారేసరికి అనకాపల్లి సంఘమంతా కొవ్వొత్తులతో ఈ సమాధుల తోటకొస్తుంది. ఎవరి మనిషి దగ్గర వాళ్లు వెలిగిస్తారు. ఇరవయ్యేళ్లుగా అందరి సమాధులూ తెల్లబరిచిన మనిషి, పెళ్లాం కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలి?

తప్పు తనదే. సీజనంతా చెరకు నరికే చెయ్యి. క్రిస్మస్ ముందు ఆమె పోతే, రెండు పచ్చిగడలు సిలువగా కట్టి దిబ్బలో లోతుగా పాతాడు. మట్టలాదివారానికి ముందు తోట బాగుచేస్తూ, కొట్టేసిన చెరకుమడిలో చెత్త కాల్చినట్టే, అలవాటుగా ఎండుగడ్డికి అగ్గిపుల్ల గీశాడు. గాలి తిరిగింది. సిలువ పోయింది.

"సెరుకుతో సిలువేటి మామా అని ఆరోజే సెప్పేను. ఇన్నావు కాదు," అంది సున్నానికి నీళ్లు మోస్తున్న మేనకోడలు పావని.

"దానికి సెరుకంటే పేణం. పళ్లూడిపోయినా నవిలేది."

"ఏదో ఒక దిబ్బ మీద ఎట్టీ. దేవుడికి తెల్దేటి?"

"దేవుడికి తెలుత్తాది. నా సత్తే, ఎవుతి దిబ్బ మీదెట్టేవయ్యా అని నిలదీసెత్తాది!"

పావని పగలబడి నవ్వి బిందె ఎత్తుకుంది. తాతబ్బాయి నవ్వలేకపోయాడు. పొద్దుటినుంచీ ఎడమ చెయ్యి లాగేస్తోంది, ఛాతీలో ఏదో బరువు.

సాయంత్రానికి అందరూ వెళ్లిపోయారు. బక్కెట్టు అడుగున మిగిలిన సున్నంతో, జేబులో రేపటి కొవ్వొత్తితో అతనొక్కడే దిబ్బల మధ్యకి నడిచాడు. మొన్నటి వానకి బూడిద అణిగింది. ఒకచోట మూడాకులు, కొడవలి మొనల్లా, పచ్చగా! గడ్డా? వేలితో తొలిచాడు. కాలిన చెరకుగడ తొక్క, దాని కింద కణుపు, కణుపులోంచి మొలక!

నలభయ్యేళ్లుగా చూస్తున్నదే. గడ నరికి, మోడు మీద చెత్త కాల్చేస్తే, మళ్లీ విత్తకుండానే కార్శి తోట లేచి నిలబడుతుంది. ఏనాడూ ఆగి చూడలేదు. మూడోనాడు సమాధిలోంచి లేచిన ప్రభువు గురించి పాస్టరుగారు ఏటా చెబుతుంటే తలూపేవాడు, అంతే. ఇప్పుడా తల నేలకి ఆనింది.

"లేచేవేటే, సత్తీ?"

తెల్లవారుజామున వెలుగులు వరసగా తోటలోకి వచ్చాయి. పాట అందుకున్నారు. పావని అటు చూసింది. నల్లటి నేల మీద తెల్లటి సున్నపు గీత, మనిషంత పొడవున. నడుమ పచ్చటి మొలక. పక్కనే తాతబ్బాయి, పని ముగించి నడుం వాల్చినట్టు పడుకుని.

"మామా?" భుజం తట్టింది. చల్లగా ఉంది.

వెనక పాట ఆగలేదు. ఎవరికీ ఇంకా తెలియదు. పావని అతని గుప్పిట్లోంచి కొవ్వొత్తి మెల్లగా తీసి, వెలిగించి, మొలక ముందు నిలబెట్టింది. ఆ వెలుగులో, బక్కెట్టు మీద అడ్డంగా పెట్టిన కుంచె కొసన, గట్టిపడిన సున్నం మంచుకి మళ్లీ మెత్తబడుతోంది.