ఆస్పత్రి గోడవతల మందు కుండ

నేను ఒక కుండను. నిజం చెప్పాలంటే రెండు కుండలను. పెద్దదాని కడుపులో చిన్నది, రెంటికీ నడుమ మానేరు ఏటి ఇసుక. ఇసుక మీద నీళ్లు చల్లుతుంటే లోపలిది చల్లబడుతుంది. ఆ చల్లదనంలో ఒక పిల్ల ప్రాణం ఉంటుంది. నా పని అంతే. ఎక్కువ మాట్లాడే అలవాటు నాకు లేదు. ఇప్పుడు మాట్లాడేది కూడా కోపంతోనే.

నన్ను చేసినవాడు కుమ్మరి ఓదెలు. మట్టిని కాళ్లతో తొక్కాడు. సారె మీద తిప్పాడు. చెక్కతో కొట్టాడు. చివరికి ఆవంలో పెట్టి కాల్చాడు. ఇంత చేసినా ఓదెలు మీద నాకు కోపం లేదు. ఎందుకు చేస్తున్నాడో తెలిసి చేశాడు.

నాతో కాలినవాటిలో కొన్ని పెళ్లిళ్లకు పోయాయి. కొన్ని కల్లు దుకాణానికి పోయాయి. ఒకదాన్ని మాత్రం చావింటివాళ్లు తీసుకుపోయి, భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరిగి పగలగొట్టారు. మనుషులు మిగతావన్నీ మరిచిపోతారు. ఆ ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు.

నన్ను తెచ్చుకున్నది రాజేశం. అతనికి తల్లి లేని బిడ్డ ఉంది, పేరు స్వరూప. పలక పట్టుకుని బడికి పోయే వయసులోనే షుగర్ వచ్చింది. ఇది పెద్దవాళ్లకు వచ్చే షుగర్ కాదు. ఆ పిల్ల ఒంట్లో ఇన్సులిన్ ఊరనే ఊరదు. బయటినుంచి సూదితో వెయ్యాలి. తిన్నప్పుడు వేసుకునే మందు ఒకటి. ఏమీ తినకపోయినా రోజంతా ఒంటిని పట్టి నిలబెట్టే మందు ఇంకొకటి, అది సాయంత్రం వేసుకోవాలి. రెండు సీసాలూ నా కడుపులోనే. ఎండలకు చెడకుండా కాపాడాను. మట్టి ముద్దను, నాకు అర్థమైంది ఈ రెండు మందుల తేడా. ఇంట్లోవాళ్లకు కాలేదు.

పిల్లను సాకింది మేనత్త కొమురక్క. ఆమెకూ షుగర్ ఉంది, గోలీలతో పోయే షుగర్. చిన్నప్పుడు ఒకసారి స్వరూప సూది వేసుకుని అన్నం తినకుండా ఆటకు పోయి, కళ్లు తేలేసి పడిపోయింది. ఆ రోజు నుంచి కొమురక్క ఒకటే పట్టు పట్టింది. ముద్ద దిగితేనే సూది. భయంలోంచి పుట్టిన మాట అది. అలాంటిదాన్ని ఎవరు పెకలిస్తారు?

స్వరూప పెద్దదైంది. గాజుల దుకాణంలో పనికి కుదిరింది. ఆ ఏడు ఎండాకాలం పిత్తాశయంలో రాళ్లున్నాయని, ఆపరేషన్ చెయ్యాలని అన్నారు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ ముందే పిలిచి విడమరిచి చెప్పింది. తిండి సూది మానాలి. సాయంత్రం సూది మాత్రం మానొద్దు, కాస్త తగ్గించి వేసుకోవాలి. పొద్దున గ్లూకోజు, ఇన్సులిన్ కలిపి నరానికి ఎక్కిస్తాం, మాటిమాటికీ వేలు గుచ్చి చూస్తాం అంది. స్వరూప తలూపింది. వార్డులో ఉడుకు ఎక్కువని నన్ను ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.

“ఏందక్కా, కల్లా?” అన్నాడు ఆటో అతను.

“ఆఁ, నీకో ముంత పొయ్యాల్నా? ముందుకు సూసి నడుపు.”

ఆ పిల్ల నోరు అట్లాంటిది. ఆ నోటిని మూయించినవాళ్ల మీదే నా కోపం.

నన్ను మంచం కింద పెట్టి, స్వరూప స్కానింగుకు పోయింది. అప్పుడు వచ్చింది కొమురక్క, బస్సు దిగి, చెమటలు కక్కుతూ. వంగి చూసింది. నేను కనబడ్డాను.

“గిదేందిరా రాజేశం? దవాఖానకు కుండ తెస్తరా ఎవలన్న? పొల్లను కాటికి తోలుతున్నవా?”

“అండ్ల మందుంటది గదక్కా.”

“తెల్లారితే ఆపరేషన్. కడుపు ఖాళీ ఉండాలన్నరు. తిననిదానికి సూదేంది? నా కంటాపరేషన్ నాడు గోలీలు బంద్ పెట్టియ్యలేదా? తియ్ అవతల!”

అక్క మాట దాటని తమ్ముడు. నన్ను లేపి భుజాన పెట్టుకున్నాడు.

“అయ్యో సచ్చినోడా, భుజమ్మీద పెట్టుకుంటవేందిరా! చంకల వెట్టు, చంకల!”

చంకలో పెట్టుకుని పోయి ఆస్పత్రి వెనక గోడవతల, వార్డు కిటికీ కింద దించాడు. దించి ఒక్క క్షణం నా వైపు చూశాడు. తప్పు చేస్తున్నట్టు అతనికి తెలుసు. తెలిసీ వెళ్లిపోయాడు.

కిటికీలోంచి మాటలన్నీ వినబడ్డాయి.

“బాపూ, నా కుండేది?”

“ఉన్నదిలే బిడ్డా... రేపు తెస్త.”

“రేపేంది? ఇప్పుడు సూది వేసుకోవాలె. అత్తా, ఇది తిండి సూది కాదే. డాక్టరమ్మ ఆపద్దన్నది.”

“డాక్టరమ్మ నిన్ను సాదిందా, నేను సాదిన్నా? పండుకో.”

స్వరూప నర్సును పిలిచింది. నర్సు చేతిలో ఇంకెవరివో సెలైన్ సీసాలు చప్పుడయ్యాయి. “ఆపరేషన్ పేషంటుకు షుగర్ మందులు బందేనమ్మా. మీ అత్తమ్మ మంచిగనే చెప్తుంది,” అని ఆగకుండానే పోయింది.

“బాపూ, నువ్వన్న చెప్పు.”

రాజేశం చెప్పుల చప్పుడు తలుపు వైపు పోయింది.

మందు నా కడుపులో ఉంది. పిల్ల గోడవతల ఉంది. నడుమ ఒక ఇటుక మందం. నాకు నోరుంది, ఇంత పెద్ద నోరు. మాట లేదు. ఎవరో బత్తాయి తొక్కలు తెచ్చి నా మీద పోశారు. ఇంకొకాయన తమలపాకు నమిలి నా అంచు మీద ఉమ్మాడు.

తెల్లారింది. ముందు ఇంకో కేసుందని ఆపరేషన్ వెనక్కు జరిపారు, దాంతో గ్లూకోజు, ఇన్సులిన్ ఎక్కించడమూ వెనక్కు పోయింది. ఎండ గోడ దిగి నా మీదికి వచ్చింది. ఇసుక ఆరింది. లోపల సీసాలు వేడెక్కుతున్నాయి. గోడవతల స్వరూప కక్కుకుంటోంది. దాహం, దాహం అంటోంది. పరుగెత్తి వచ్చినదానిలా రొప్పుతోంది, మంచం దిగకుండానే.

“కుండ... నా కుండ తెండ్రి...”

“వింటున్నవారా? కుండ కుండ అంటుంది పొల్ల. సావుమాటలు వస్తున్నయి. చెప్తే విన్నవా నువ్వు!” కొమురక్క ఏడుపు.

సావుమాటలు కావు. బతికే మాట. ఆ పిల్లకు మిగిలిన ఒక్క మాట అదే, దాన్నీ అపశకునం చేశారు.

డాక్టరమ్మ అడుగులు వినబడ్డాయి. మంచం దగ్గర ఆగింది. “ఈ వాసనేంటి? మగ్గిన పండు వాసన...” వేలు గుచ్చి చూసే మిషను కూసింది. ఆ తర్వాత ఆమె మాట్లాడితే గోడ అదిరింది.

“సాయంత్రం ఇన్సులిన్ ఎవరు ఆపారు?”

డాక్టరమ్మే మళ్లీ అందుకుంది.

“తినలేదు కాబట్టి అక్కర్లేదనుకున్నారా? ఇన్సులిన్ లేక ఒళ్లు తన కొవ్వును తానే కరిగించుకుంటోంది. రక్తం విషమైపోతోంది. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే టేబుల్ మీదే పోతుంది!”

“వాళ్ల అత్తమ్మ వద్దన్నది మేడం,” నర్సు.

“నర్సమ్మనే బందన్నది,” కొమురక్క. అంతటితో ఆగక, “ఆ కుండ దవాఖానల అడుగువెట్టినందుకే గిట్లయింది.”

నేనట! పగిలిపోదామనిపించింది.

రాజేశం పరుగెత్తుకొచ్చాడు. తొక్కలు దులిపి నన్ను లోపలికి తీసుకుపోయాడు. కంగారులో గుమ్మానికి కొట్టాడు, నా అంచు విరిగింది. డాక్టరమ్మ సీసాలు తీసి అరచేతిలో పట్టుకుంది. “ఎండకు మందు ఉడికింది. పనికిరాదు,” అని చెత్తబుట్టలో పడేసింది. ఇన్నేళ్లలో నా కడుపులో మందు చెడిందా? ఆ రోజు చెడింది. చెడగొట్టారు.

ఆస్పత్రి ఇన్సులిన్ నరానికి ఎక్కించారు. సెలైన్ మీద సెలైన్ పెట్టారు. ఎక్కడో దూరం పోయి వచ్చినట్టు వచ్చింది పిల్ల. ఆపరేషన్ చెయ్యకుండానే ఇంటికి తెచ్చారు.

స్వరూప నన్ను తానే కడిగింది. ఇసుక మార్చింది. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. కొమురక్క కంచం తెచ్చి ముందు పెట్టి, “నీ మంచికే గదనే,” అన్న రోజున మాట్లాడింది.

“నువ్వు సాదినవ్ అత్తా, కాదంటలేను. అందుకే నర్సమ్మ సుత నీ మాటే విన్నది. ఒళ్లు నాది, సావు నాది, మాట నీదా? నేను కండ్లముందల పోతుంటే నీకు కుండనే కనవడ్డది. నేను కనవడలే.”

కొమురక్క కంచం వెనక్కు లాక్కుని, సూదుల డబ్బా పిల్ల ముందు పెట్టింది. ముద్దకంటే ముందు ఆమె సూది అందించడం నేను చూడటం అదే మొదలు.

ఒళ్లు కుదుటపడ్డాక మళ్లీ ఆపరేషన్‌కు పోయారు. ఆటో దిగగానే కొమురక్క వంగి నన్ను లేపింది. భుజాన పెట్టలేదు. చంకన పెట్టుకుంది, పసిపిల్లను పెట్టుకున్నట్టు. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డమొచ్చాడు.

“ఏందవ్వా, దవాఖానకు కుండ తెస్తున్నవ్?”

“జరుగు. నా పొల్ల పానమున్నది ఇండ్ల.”

వార్డులో అందరూ చూస్తుండగా నన్ను తలాపున స్టూలు మీద పెట్టింది. సాయంత్రం స్వరూప చెయ్యి పెట్టి సీసా తీసుకుంది, డాక్టరమ్మ చెప్పినంత మందు ఎక్కించుకుంది. ఎవరూ అడ్డు చెప్పలేదు. పొద్దున గ్లూకోజు, ఇన్సులిన్ పెట్టి తీసుకుపోయారు. బయటికి తెచ్చాక, మత్తు ఇంకా దిగకముందే ఆ పిల్ల చెయ్యి స్టూలు వైపు తడుముకుంటూ వచ్చింది. విరిగిన అంచు తగిలేదాకా వెతికింది.

ఇప్పుడు నేను వాళ్లింట్లో కిటికీ దగ్గర ఉన్నాను. నీళ్లు కొమురక్కే చల్లుతుంది, ఒక్క పూట తప్పదు. చల్లేటప్పుడు వంగి నాతో ఏదో గొణుగుతుంది. క్షమించమని కావచ్చు. నేను వినిపించుకోను.

ఇసుక తడుస్తుందా లేదా, అదొక్కటే చూస్తాను.