తొంభై నాలుగు శాతం

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. ఇంటికి వచ్చి చదువుతాను. చదివినదాని గురించి మాట్లాడటానికి ఎవరూ లేరు. అక్క ఉంది, పుస్తకం పేరెత్తితే "తిన్నావా?" అంటుంది.

చదివినవాటికి నక్షత్రాలిస్తే, ఇకపై చదవవలసినవి సూచించే వెబ్‌సైటు ఒకటుంది. గత నెలలో దాని పేజీ అడుగున కొత్త వరుస కనబడింది: 'మీ అభిరుచికి అతి దగ్గరి పాఠకుడు. పోలిక తొంభై నాలుగు శాతం.' పేరు లేదు, ఒక సంఖ్య మాత్రమే. అతని జాబితా తెరిచాను. కాలం గురించి, మరణం గురించి, ఎవరూ అడగని సన్నటి పుస్తకాలన్నీ అక్కడున్నాయి. దుఃఖాన్ని తర్కంతో జయించవచ్చని చెప్పే గ్రంథానికి మాత్రం నేను ఐదు నక్షత్రాలిచ్చాను. అతడు ఒకటే ఇచ్చాడు.

పోలిక కంటే ఆ తేడాయే నన్ను పట్టుకుంది. నన్ను కాదన్నాడంటే, అవతల నిజంగా ఒక మనిషి ఉన్నాడు. నాలుగు రోజులు రాసి, కొట్టివేసి, చివరకు ఒక్క వాక్యం పంపాను: 'ఆ పుస్తకం మీకెందుకు నచ్చలేదు?'

పది రోజులు జవాబు లేదు. ఫోను చూసుకుంటూ ఒకరి ఎడమ అద్దాన్ని కుడివైపు బిగించాను.

ఆదివారం అక్క నా కొత్త ఫోనులోకి పాత మెయిళ్ళు ఎక్కిస్తూ పడీపడీ నవ్వింది.

"ఒరేయ్ వేదాంతీ, నీకు నువ్వే ఉత్తరం రాసుకున్నావేంట్రా?"

"ఏం ఉత్తరం?"

"ఇదిగో, నీ పాత మెయిల్‌కి వచ్చింది. 'మీకెందుకు నచ్చలేదు' అట. 'మీకు' అట! ఎంత మర్యాద ఇచ్చుకున్నావురా!"

ఆరేళ్ళ కిందట పాస్‌వర్డు మరిచిపోయి కొత్త ఖాతా తెరిచాను. గుర్తున్న పుస్తకాలన్నీ అందులో మళ్ళీ నింపాను. పాత ఖాతా ఒకటుందన్న సంగతే మరిచాను. ఆ సంఖ్య దానిదే.

అక్క నవ్వు ఆపి నా ముఖం చూసింది. "ఎవరనుకున్నావురా?"

"ఎవరో అనుకున్నాలే."

ఫోను తెర వైపు చూసి, "రెండు ఖాతాలూ ఒకటి చెయ్యాలా అని ఆ సైటు అడుగుతోంది. నొక్కెయ్యనా?" అంది మెల్లగా.

ఒకటి చేస్తే పేజీ అడుగున ఆ 'అతి దగ్గరి పాఠకుడు' వరుస ఉండదు. ఆ పుస్తకం చదివిన గది గుర్తుంది, కిటికీ గుర్తుంది. ఒక్క నక్షత్రమే ఎందుకిచ్చానో ఎంత తవ్వినా తెలియలేదు. అది తెలిసినవాడు ఇప్పుడు నాలో లేడు.

"వద్దక్కా," అన్నాను. "నేనడిగినదానికి అతనింకా జవాబు చెప్పలేదు."