బ్రేకు ఏ కాలికి

మా ఆయన కనకయ్య పోయాక కోరుట్ల ఇంట్లో మిగిలింది నేనూ, మా కొడుకు సాయితేజ, ఆయన నడిపిన పాత బుల్లెట్టూ. సాయితేజ సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేస్తాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాక, రోజూ కథలాపూర్ మీదుగా ఆ బండి మీదే పోయి వచ్చేవాడు. వాడు వచ్చేదాకా నేను గడపలో కూర్చునేదాన్ని. ఎక్కడో టైర్లు తగలబెట్టారని, ఎవరినో పోలీసులు కొట్టారని టీవీలో చెప్తే, ఆ దెబ్బలు మావాడికే తగిలినట్టు ఉండేది.

ఒకరోజు వాడే మాట ఎత్తాడు.

"అమ్మా, గీ బండి ఇచ్చేసి యమహా తీసుకుంట. పోలీసులు ఉరికచ్చినప్పుడు కిక్కు కొట్టుకుంట నిలబడాల్నా?"

"పోలీసులు ఉరికచ్చే కాడ నీకేం పని?"

"నాకేం పని లేదు. గాళ్లకే నాతోటి పనుంటది."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

జగిత్యాలలో లతీఫుద్దీన్ షెడ్డుకు వాడి వెనక కూర్చుని నేనూ పోయాను. మా ఆయన ఉన్నప్పటి నుంచీ మా బండి బాగు చేసేది లతీఫుద్దీనే. ఆ రోజు బంద్. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, షెడ్డు షట్టరు మాత్రం సగం లేపి ఉంది. లోపల అమ్మకానికి పెట్టిన యమహాను ఆయన కొడుకు ఉబేద్ తుడుస్తున్నాడు.

"ఇంగ్లండోళ్ల బండి అంటె ఇంటి అల్లుడు తేజా," అన్నాడు లతీఫుద్దీన్. "బతిమిలాడితెనే లేస్తడు. లేసిండంటె మాత్రం బరువు గుంజుతడు. జపాన్ బండి గట్ల కాదు, పిలిస్తె పలుకుతది. గని గతుకుల తొవ్వల బుల్లెట్టు లెక్క నిలబడి పోదు."

"గా అల్లుడికి పెట్రోల్ తాపలేక సస్తున్న చాచా."

నేను యమహా పక్కన నిలబడి కింద చూస్తున్నాను.

"లతీఫ్ భాయ్, దీనికి బ్రేకు ఏ కాలికి?"

ఉబేద్ కిసుక్కున నవ్వాడు. లతీఫుద్దీన్ నవ్వలేదు.

"మంచిగ అడిగినవ్ అక్కా. మీ బుల్లెట్టు, నార్టన్, ట్రయంఫ్, గా పాత ఇంగ్లండు బండ్లకు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. జపానోళ్లయి ఉల్టా."

"గదెంత? రెండు దినాలల్ల అలవాటైతది," అన్నాడు సాయితేజ.

"నిమ్మలంగ ఉన్నప్పుడు అయితది," అన్నాను.

మా ఆయన వెనక ఎన్నో ఏళ్లు కూర్చున్నదాన్ని. బర్రె అడ్డం వస్తే ఆయన ఎడమకాలు ఆయన్ని అడగకుండానే కిందికి పోయేది. ఆయనే వీడికి ఏడో తరగతిలో బండి నేర్పాడు. లాఠీలు పైకి లేచినప్పుడు వీడి కాలు ఎటు పోతుంది?

వాడు యమహా తీసుకుని ఖాళీ రోడ్డు మీద అటూ ఇటూ నడిపాడు. ఆపమన్న చోటల్లా కుడికాలితో ఆపాడు. "సూసినవా?" అన్నట్టు చెయ్యి ఊపాడు. కాలి మీదే ధ్యాస పెట్టి నడిపితే ఎవరైనా ఆపుతారు. చేతిసంచీ రోడ్డు మీదికి విసురుదామా అనుకున్నాను. సంచీకి వాడెందుకు భయపడతాడు?

వాడు మళ్లీ వస్తున్నాడు. నేను రోడ్డు మీదికి దిగాను.

"అమ్మా!"

వాడి ఎడమకాలు కిందికి దిగింది. బండి ఆగలేదు, గేరు పడి ఒక్క కుదుపుతో గీపెట్టింది. హ్యాండిలు తిప్పేశాడు. నా కొంగు పక్క నుంచి పోయి, ఎవరో ఇల్లు కట్టడానికి పోసుకున్న ఇసుక కుప్పలో పడ్డాడు. మోచేయి గీసుకుపోయి రక్తం వచ్చింది.

"సావాల్నని ఉన్నదా నీకు?"

నేను పోయి వాడి భుజం పట్టి లేపాను.

"ఏ కాలు తొక్కినవో సూసుకున్నవా కొడుకా?" అన్నాను.

వాడు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. లతీఫుద్దీన్ వచ్చి వాడి చేతికి గుడ్డ కట్టాడు.

"నువ్వన్నది నిజమే అక్కా. గని గిట్లనా పరీక్ష పెట్టుడు?"

సాయితేజ బుల్లెట్టు తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"దీన్ని గూడ అమ్మెయ్ చాచా. ఇగ నేను ఏ బండీ తోల. నిమ్మలమేనా అమ్మా?"

ఉబేద్ తన బండి మీద ముందు నన్ను కోరుట్లలో దింపాడు. తరువాత మావాడిని సిరిసిల్లలో దింపి వచ్చాడు. సాంచాల దగ్గరే తోటి పనివాళ్లతో గదిలో ఉంటానన్నాడు సాయితేజ. ఇంటికి రమ్మని ఫోనులో అడిగితే, "ఎట్ల రావాలె? బస్సులున్నయా?" అన్నాడు.

రోజూ సాయంత్రం నేనే ఫోను చేసేదాన్ని.

"తిన్నవా?"

"తిన్న."

"ఎవల బండి మీదన్న ఎక్కినవా?"

"ఎక్కలే."

సాంచాల చప్పుడులో ఆ మాటలూ సగమే వినబడేవి. బండి భయం తీరింది కదా అనుకుంటే, సాంచ బెల్టు గుర్తొచ్చేది, కరెంటు వైరు గుర్తొచ్చేది. పక్కింట్లో టీవీ ఆగిపోతే మా ఇల్లు మరీ పెద్దదైనట్టు ఉండేది.

సమ్మె ఆగింది. బస్సులు తిరిగాయి. ఆదివారం వస్తాడని ఎదురుచూశాను. రాలేదు. మరునాడు పొద్దున నేనే బస్సు ఎక్కాను. డ్రైవరు కాళ్లు కనబడే సీటు చూసుకుని కూర్చున్నాను.

"గా సీటుకు ఇంజన్ వేడి కొడ్తది పెద్దమ్మా, ఎన్కకు పోరాదు," అన్నాడు కండక్టరు.

"ఉండనియ్. సిరిసిల్ల ఒకటియ్యి."

"ఎవలున్నరు ఆడ?"

"మా కొడుకు."

"నువ్వస్తున్నవని ఎరికేనా?"

"ఎరికైతే వద్దంటడు."

అతను నా ముఖం చూసి టికెట్టు చేతిలో పెట్టాడు.

"మల్ల గిటు రానీకి ఆఖరి బస్సు ఐదు గంటలకే. యాది పెట్టుకో."