ఫాదరమ్మ

లాండ్రీలో పెద్ద డ్రమ్ము తలుపు తీయగానే ఆవిరి ఒక్కసారిగా ముఖం మీదికి వచ్చింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకు తిప్పుకుని, ఆవిరి పలచబడ్డాక రెండు చేతులూ లోపలికి పెట్టింది. మెలికలు పడిన ఆసుపత్రి దుప్పట్లు ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చాయి. కొత్తగా చేరినవాళ్ళు వాటిని చేతుల బలంతో లాగి రెండో వారానికే నడుము పట్టుకుని కూర్చుంటారు. ఆమె మోకాళ్ళు వంచి, తడి మూటను పొట్టకు ఆనించుకుని, నిద్రపోతున్న పిల్లను పక్క మీదికి దింపినట్టు తోపుడుబండిలోకి దింపింది.

మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. వేళ్ళ సందుల్లో సోడా తినేసిన చర్మం. గోళ్ళు మాత్రం పొట్టిగా, శుభ్రంగా ఉన్నాయి. ఈ మధ్య వాటి మీద శ్రద్ధ ఇంకా పెరిగింది.

"ఏం ఫాదరమ్మా, ఇవాళెవరికి ప్రసాదం?" ఇస్త్రీ యంత్రం దగ్గర్నుంచి పొడుగామె కేకేసింది.

"నీకే. కాకపోతే ముందు నీ పాపాలన్నీ చెప్పుకుని రావాలి. ఇప్పుడు మొదలుపెడితే వచ్చే ఏడాదికి అవుతుందేమో చూడు."

గదిలో నవ్వులు లేచాయి. ఆమె కూడా నవ్వింది. ఆ పేరు పెట్టిన కొత్తలో ఆమెకు నవ్వు వచ్చేది కాదు.

నడవలేని రోగుల ఇళ్ళకు దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మారిన అప్పం, తీసుకెళ్ళడానికి, ఆదివారం పూజలో పంచడానికి ఫాదర్ ముగ్గుర్ని ఎంచుకున్నారు. ఇద్దరు మగవాళ్ళు, మూడోది ఈమె. పొద్దున్నే పని మొదలయ్యేలోపు వార్డుల్లో తిరిగి, ఎవరూ లేనివాళ్ళ మంచం పక్కన కూర్చుని జపం చెప్పే మనిషి కదా అని ఫాదర్ అనుకున్నారు. గుడిలో అందరూ అలా అనుకోలేదు. మొదటి ఆదివారం ఆమె గిన్నె పట్టుకుని నిలబడితే, ఆమె వరసలో ఉన్నవాళ్ళు కొందరు ఏదో గుర్తొచ్చినట్టు మెల్లగా జరిగి పక్క వరసలో కలిశారు. ఆ సాయంత్రమే ఎవరో ఈ పేరు పెట్టారు. అది వీధి దాటి ఆసుపత్రి దాకా వచ్చేసింది. ఇంటికొచ్చి ఆమె మొగుడితో, "వచ్చేవారం నుంచి వెళ్ళను" అంది. అతను చెప్పులు విప్పుకుంటూ, "నీ వరసలో ఎంతమంది మిగిలారు?" అని అడిగాడు. ఉన్నారు, చాలామందే. "అయితే వాళ్ళకెవరిస్తారు?" అన్నాడు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం టీ తాగుతుండగా ఫోన్ వచ్చింది. మాస్టారి కోడలు.

"అక్కా, మావయ్యగారు నిన్నటి నుంచి ఏమీ పుచ్చుకోవడం లేదు. డాక్టరొచ్చి చూశాడు. ఇక ఎవరెవరికి చెప్పుకోవాలో చెప్పుకోండి అన్నాడు. ఫాదర్‌కి చేస్తే ఆయన బిషప్పుగారి దగ్గరున్నారట. రేపు మధ్యాహ్నానికి గానీ రాలేరట."

"నేనొస్తా."

"మీరంటే ఆయన..." కోడలు ఆగింది.

"తెలుసులే అమ్మాయ్. వస్తున్నా."

పొడుగామె వింటూనే ఉంది. "వెళ్ళు. నీ బండి నేను తోస్తా," అని ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఈసారి ఏ పేరూ పెట్టి పిలవలేదు.

మాస్టారు ఆ గుడికి ఉపదేశి. ఇప్పుడు నెరిసిన తలలతో తిరుగుతున్న వాళ్ళలో సగం మందికి జపాలు నేర్పింది ఆయనే. ఈమెకూ ఆయనే నేర్పాడు. అక్షరాలు కూడా ఆయన దగ్గరే వచ్చాయి, బడికి పంపే తాహతు ఇంట్లో లేకపోతే. ఆమెను పీఠం దగ్గర్నుంచి దింపేసిందీ ఆయనే. అప్పటికి ఆమెకింకా పెళ్ళి కాలేదు. పూజలో పఠనం చదవాల్సిన కుర్రాడు రాలేదు. గుడంతా ఎదురుచూస్తోంటే ఆమె లేచి వెళ్ళి చదవడం మొదలుపెట్టింది. మాస్టారు వెనకనుంచి వచ్చి పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. "దిగు. ఇది ఆడపిల్లలు నిలబడే చోటు కాదు," అన్నాడు, మెల్లగానే. ఆమె దిగింది. అమ్మ తొడపాశం పెట్టింది. ఏడుపు రాలేదు గానీ, వాక్యం సగంలో తెగిపోయిందన్న ఉక్రోషం మిగిలిపోయింది. ఇంటికెళ్ళి ఆ మిగతా సగం చదివేదాకా అన్నం సయించలేదు. ఇప్పుడు ఆదివారాలు ఆ పఠనాలు మైకులో చదివేది ఆమే.

గుడి తలుపులు తీసేసరికి లోపల ఎవరూ లేరు. చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. మోకాలు వంచి, మందసం తెరిచి, ఒక్క అప్పాన్ని చిన్న బంగారుపూత డబ్బీలో పెట్టి, గుడ్డ సంచిలో వేసి మెడలో తగిలించుకుంది. బయట మొగుడు సరుకుల వ్యాను పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అతను నోరు మూసుకునేది నిద్రలోనే అని వీధంతా అంటుంది. ఆమె మెడలో ఆ సంచి ఉన్నప్పుడు మాత్రం ఒక్క మాట మాట్లాడడు. హారన్ కొట్టడు. గుంత వస్తే వ్యానును దాదాపు ఆపేసి, దాటిస్తాడు.

మాస్టారి ఇల్లు మేడ మీద రెండు గదులు. కోడలు తలుపు దగ్గరే ఉంది, జుట్టు రేగిపోయి, కళ్ళు లోపలికి పోయి.

"మీరొస్తున్నారని చెప్పలేదక్కా. చెప్తే తలుపు గడియ పెట్టమంటారు."

మంచం మీద మాస్టారు సగమైపోయి ఉన్నాడు. మెడ నరాలు తాళ్ళలా తేలాయి. చూపు మాత్రం మునుపటిదే. పోయిన ఆదివారం ఈమె వచ్చినప్పుడు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈసారి తిరిగే ఓపిక లేదు.

"ఫాదరేరి?"

"ఊళ్ళో లేరు మాస్టారూ. రేపు మధ్యాహ్నం వస్తారు."

"అయితే రేపే తీసుకుంటా."

"సరే మాస్టారూ."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపయ్యాక ఆయన కళ్ళు తెరిచాడు.

"సరే అన్నావుగా. ఇంకా కూర్చున్నావేం?"

"వచ్చినదారినే ప్రభువుని వెనక్కి మోసుకుపోవాలంటే మనసొప్పట్లేదండి. మీకిష్టం లేకుండా ఇవ్వను. కాసేపు ఇద్దరం మీ దగ్గర కూర్చుని పోతాం."

మాస్టారి గొంతులో ఊపిరి గరగరమంటోంది. కోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. బలవంతం చెయ్యకూడదని కుర్చీలో కూర్చున్న ఆమెకు తెలుసు. లేచి వెళ్ళిపోకూడదని కూడా అంతే గట్టిగా తెలుసు. ఏం చెయ్యాలో తోచక, ఎప్పుడూ చేసేదే చేసింది. కళ్ళు మూసుకుని మంగళవార్త జపం మొదలుపెట్టింది.

"...ఇప్పుడును మా మరణ సమయమందు ప్రార్థించండి."

"సమయమందును," అన్నాడు మాస్టారు.

ఆమె కళ్ళు తెరిచింది.

"‘ను’ ఏది? చిన్నప్పట్నుంచీ అంతే. ఆ ‘ను’ మింగేస్తావు. ఇప్పుడూ కావాలి, అప్పుడూ కావాలి. రెంటికీ కలిపి అడుగుతున్నాం. మళ్ళీ చెప్పు."

మొదటిసారి నిజంగానే అలవాటులో జారిపోయింది. రెండోసారి ఆమె కావాలనే మింగేసింది.

"అయ్యో నీ మొహం!" ఆయన దిండు మీద తల ఎత్తబోయాడు. కోడలు పరుగున వచ్చి భుజం పట్టుకుంది. "నా వెంట చెప్పు. ఒక్కో ముక్క చెప్పు."

ఆయన చెప్పాడు, ఆమె వెంట చెప్పింది. ఊపిరి అందక రెండు చోట్ల ఆగాడు. ఆగినప్పుడు ఆమె ముందుకు పోకుండా ఆగింది. చివరికి ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి గొంతులూ కలిశాయి. మరణ సమయమందును అన్నాక ఆయన ఆమెవైపే చూస్తూ ఉండిపోయాడు.

"రేపు మధ్యాహ్నం దాకా ఉంటానంటావా?"

కోడలు ఏదో సర్దిచెప్పబోయింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"తెలీదు మాస్టారూ. ఉంటారని మాత్రం నేను చెప్పలేను."

ఆయన చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుంది. అంతలో, కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"చేతులు కడుక్కున్నావా?"

"పెళ్ళయినప్పట్నుంచీ కడుగుతూనే ఉన్నానండి. నా ఉద్యోగమే అది."

ఆయన ఛాతీ కదిలింది. అది దగ్గో నవ్వో తేలలేదు. కోడలు మాత్రం మొహం పక్కకు తిప్పుకుని నవ్వేసింది, ఎన్ని రోజులయ్యిందో నవ్వి.

ఆమె డబ్బీ తెరిచింది. అప్పంలోంచి చిటికెనవేలి గోరంత ముక్క తుంచి, ఎత్తి పట్టుకుంది.

"క్రీస్తు శరీరము."

కింద వీధిలో మొగుడు వ్యాను పక్కన నిలబడి ఎవర్నో మెల్లగా మాట్లాడమంటున్నాడు.

"ఆమెన్," అన్నాడు మాస్టారు, పిల్లలందరికీ వినపడేలా చెప్పినట్టు గట్టిగా, ఒత్తి. నోరు తెరిచాడు.

చెంచాతో నీళ్ళు పోసింది. మిగిలిన ముక్క కోడలు తీసుకుంది. ఆమె డబ్బీ తుడిచి మూత పెడుతుంటే మాస్టారు వేలు ఎత్తాడు. దగ్గరికి వంగింది.

"మైకు... మరీ దగ్గర పెట్టుకుంటున్నావు. అరుస్తున్నట్టుంటుంది."

"ఎవరు చెప్పారండి?"

"ఎవరు చెప్పేదేంటి. కిటికీ తీసుంటే గుడి మైకు ఇక్కడికి వినపడుతుంది." కాస్త ఊపిరి తీసుకుని, "చదవడం బానే ఉంటుంది," అన్నాడు.

మెట్లు దిగుతూ ఆమె మధ్యలో కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళూ ఆయన ఆ మాట అనాలని తను ఎదురుచూస్తున్నట్టు ఆమెకే తెలియదు. మొగుడు పైకి చూసి ఏమైందన్నట్టు తల ఎగరేశాడు. ఏం లేదని చెయ్యి ఊపి, లేచి, లాండ్రీకి తిరిగి వెళ్ళింది. పొడుగామె తోసిన బండి ఇంకా సగం నిండుగానే ఉంది.

పొద్దు వాలుతుండగా మళ్ళీ ఫోన్ మోగింది. "అక్కా," అంది కోడలు. మాస్టారు నిద్రలోనే పోయాడు. పాలు కాచి తెచ్చేలోపు.

ఆమె, కోడలు కలిసి ఆయన్ని తుడిచి, తెల్లచొక్కా తొడిగి, చేతుల్లో జపమాల పెట్టారు. గది నిండింది. మెట్ల మీద, కింద వాకిట్లో గుడిపెద్దలు నిలబడ్డారు. అందులో ఆదివారం ఆమె వరసలోంచి జరిగిపోయినవాళ్ళూ ఉన్నారు. ప్రార్థన మొదలుపెట్టడానికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"ఫాదర్ వచ్చేదాకా ఆగితే బాగుంటుందేమో," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"ఆగొద్దండీ," అంది కోడలు. ఆ పిల్ల అంతమంది ముందు గొంతెత్తడం అదే మొదటిసారి. "మావయ్యగారు చివరిసారి అక్క చేతి మీదుగానే తీసుకున్నారు. అక్కే మొదలుపెడుతుంది."

ఆమె మంచం తలవైపు వచ్చి నిలబడింది. గొంతు సవరించుకుంది. ఎవరి అనుమతి కోసమూ చూడకుండా మొదలుపెట్టింది. మొదటి జవాబు ఆడవాళ్ళ గొంతులే ఇచ్చాయి. రెండోదానికి మొగుడి గొంతు కలిసింది. అపస్వరమే గానీ పెద్దది. ఆ తర్వాత మెట్ల మీదినుంచి ఒకటి, వాకిట్లోంచి ఇంకొన్ని. పెద్దాయన పెదవులు కూడా కదిలాయి.

అందరూ బయటికి వెళ్ళాక ఆమె పక్క బట్టలు ఊడదీసి మూట కట్టింది, ఉతికి తెచ్చి ఇస్తానని. మేకుకు వేలాడుతున్న ఆయన పాత చొక్కా కూడా అందులో వెయ్యబోయి ఆగింది. జేబు చూడకుండా ఏ బట్టనూ మూటలో వెయ్యదు. వేళ్ళు పెట్టి చూసింది. గట్టిగా, చిన్నగా ఏదో తగిలింది.

సుద్దముక్క. ఒక కొస అరిగిపోయి, వేళ్ళు పట్టుకునేచోట నునుపుదేలి ఉంది. దాన్ని కిటికీ అంచున పెట్టి, చేతికంటిన తెల్లటి పొడిని తుడుచుకోకుండానే మూట ఎత్తుకుంది. గుడివైపుకు తెరిచి ఉన్న ఆ కిటికీలో, ఇంకొక పూట పాఠానికి సరిపడేంత సుద్ద.