పద్నాలుగు నిమిషాల దారి

రోగుల ఇళ్ళలో మంచాల పక్కన ఉండే ఆక్సిజన్ యంత్రాలను బాగుచేయడం మా పని. ఎవరింటికి ఎప్పుడు పోవాలో మేం నిర్ణయించుకోం, సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. పొద్దున్నే ఫోన్‌లో స్లాట్లు పడతాయి. ఈ ఇల్లు తొమ్మిది నుంచి తొమ్మిదీ నలభై, ఆ ఇల్లు పది నుంచి పదీ ముప్పావు. స్లాట్ దాటాక చేరితే ఆ పని ఎర్రబడుతుంది. నెలలో మూడు ఎర్రలు పడితే మనిషిని తీసేస్తారు. రోడ్డు తవ్వేశారా, లిఫ్టు చెడిందా, అంతకుముందు వెళ్ళిన ఇంట్లో యంత్రం మొండికేసిందా, దానికి అక్కర్లేదు.

అందుకని మేమూ ఒక దొంగదారి పట్టాం. ఫోన్‌లో 'చేరాను' బటన్ గుమ్మంలో నిలబడి నొక్కాలి. కానీ రెండు కిలోమీటర్ల లోపు ఎక్కడున్నా ఫోన్ ఒప్పుకుంటుంది. మాలో అందరికంటే పాతవాడైన పొడుగాయన ఈ సంగతి కనిపెట్టి, "దాని కళ్ళకు గంతలు కడదాం తమ్ముడూ" అన్నాడు. ఇరవై మందిమీ కట్టాం, ఏడాదిపాటు, నవ్వుకుంటూ.

ఆ రోజుకి నాకు రెండు ఎర్రలున్నాయి. పదకొండు నుంచి పదకొండూ నలభై స్లాట్‌లో ఒక పెద్దాయన ఇల్లు. యంత్రం ఆగిపోయిందని, చిన్న సిలిండర్ మీద ఉన్నాడని, అది పన్నెండు దాకా వస్తే గొప్పని ఆయన భార్య ఆఫీసుకు చెప్పింది. ముందింటి నుంచి పదకొండూ పదికి బయల్దేరాను. ప్రయాణానికి యాప్ ఇచ్చింది పద్నాలుగు నిమిషాలు. ఆ దారి ముప్పై ఐదుకు తక్కువలో తెమిలిన రోజు నాకు గుర్తులేదు.

వంతెన మీద లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయింది. బైకు దూరే సందు కూడా లేదు. పదకొండూ ముప్పై ఎనిమిదికి బటన్ నొక్కేసి ఊపిరి పీల్చుకున్నాను. నేను పీల్చుకున్నాను.

పన్నెండూ పన్నెండుకి వీపున నిండు సిలిండర్‌తో మూడో అంతస్తు ఎక్కాను. తలుపు తీసే ఉంది. పెద్దాయన మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద ఊని, నోరు తెరిచి గాలి లాగుతున్నాడు. గోళ్ళు నీలంగా ఉన్నాయి. చిన్న సిలిండర్ ముల్లు సున్నా మీద ఉంది. భార్య అట్టముక్కతో విసురుతోంది. నేను కొత్త సిలిండర్ బిగించి గొట్టం ఆయన ముక్కుకు పెట్టాను. కాసేపటికి ఆయన భుజాలు కిందికి దిగాయి. అప్పుడడిగింది ఆమె.

"ఎక్కడున్నావు నాయనా ఇంతసేపు?"

"వంతెన మీదమ్మా. ట్రాఫిక్."

"కాదట. మా ఇంట్లోనే ఉన్నావట. పదకొండూ ముప్పావుకి ఫోన్ చేస్తే ఆఫీసు పిల్ల అంది, మెకానిక్ చేరాడు కదమ్మా, పని చేస్తున్నాడు అని. మంచం కింద ఒక్కటే చూళ్ళేదు. పక్కింటాయన ఆసుపత్రికి తీసుకెళ్దామని కారు తీశాడు. నువ్వు మెట్లెక్కుతున్నావేమోలే అని నేనే ఆయన్ని పంపించేశాను, నా చేతులారా."

పెద్దాయన గొట్టం పక్కకు జరిపాడు. "వచ్చాడుగా... వదిలెయ్యవే."

"మీరు ఆ గొట్టం పెట్టుకోండి ముందు."

వరండాలోకి వచ్చి, ఆఫీసులో స్లాట్లు చూసే అమ్మాయికి ఫోన్ చేశాను.

"చెల్లెమ్మా, ఈ దారికి పద్నాలుగు నిమిషాలని ఎవరు కొలిచారు?"

"ఎవరూ కొలవరన్నా. మీరు బయల్దేరిన టైము, 'చేరాను' నొక్కిన టైము చూసి అదే నేర్చుకుంటుంది. పోయినేడాది ముప్పై ఆరుండేది. మీరంతా తొందరగా వెళ్తున్నారుగా, తగ్గిస్తూ వచ్చింది. మేనేజరుగారైతే తెగ మెచ్చుకున్నారు."

గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇరవై మందిమి దానికి అబద్ధం చెప్పాం, అది నమ్మింది. ఒకడు నొక్కిన ప్రతిసారీ తర్వాతివాడి దారి కురచైంది. కంపెనీ మా మెడ మీద ఒక చెయ్యి వేసిన మాట నిజం. రెండో చెయ్యి మాదే.

"నా టైం మార్చు. పన్నెండూ పన్నెండని పెట్టు."

"మూడో ఎర్ర పడుద్దన్నా. నీ ఉద్యోగం పోద్ది. ఆయన బాగానే ఉన్నాడుగా, ఎందుకిప్పుడు?"

"రేపు ఇంకొకడికీ ఇవే పద్నాలుగు నిమిషాలిస్తుంది అది. మార్చు."

"నీ ఒక్కడిది మారిస్తే లెక్క మారదు. మిగతా పంతొమ్మిది మందీ?"

"వాళ్ళతో నేను మాట్లాడతా."

మార్చింది. ఫోన్ ఎర్రబడింది. వెంటనే పొడుగాయనకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. బటన్ ఇక గుమ్మంలోనే నొక్కుదాం, ఇరవై ఫోన్లూ ఎర్రబడితే ఎంతమందిని తీస్తారో చూద్దాం అన్నాను.

"నాకూ రెండున్నాయి తమ్ముడూ" అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.

లోపలి నుంచి ఆమె పిలిచింది. "నీ గొడవలు తర్వాత నాయనా. ఆ యంత్రం సంగతి చూడు. నువ్వు తెచ్చిన సిలిండర్ మాత్రం ఎంతసేపొస్తుంది?"

యంత్రం విప్పాను. ఫిల్టరు దుమ్ముతో పూడిపోయింది, లోపలి గొట్టం ఒకటి చిట్లింది. రెండూ మార్చేసరికి ముప్పావుగంట పట్టింది. నా పక్కనే కుర్చీ ఉంది. యంత్రం తిరిగాక, గొట్టంలోంచి వచ్చే గాలిని తన చెంపకు ఆనించుకుని చూసుకునే దాకా ఆమె అందులో కూర్చోలేదు.